కాదన్న నోటితోనే

చొప్పదండి దగ్గర ఒక సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్పే మమతారాణికి వలసల పాఠమంటే ఏటా గుబులే. ఈ ఏడు దాన్ని గట్టెక్కడానికి ఒక ఉపాయం చేసింది. తొమ్మిదో తరగతి పిల్లలతో, "మీ ఇంట్లో బతుకుదెరువుకు ఊరు దాటినవాళ్లు ఎవరైనా ఉంటే తోలుకురండి. వాళ్ల నోటనే విందాం" అంది. అందరూ తమ తమ కథలు చెప్తుంటే తన కథ ఎవరూ అడగరు కదా అని ఆమె ధీమా.

ఉపాయం బాగానే పారింది. ఒకరి మేనత్త మస్కట్‌లో ఇళ్లల్లో పనిచేసిన రోజులు చెప్పి కళ్లు తుడుచుకుంది. ఒకరి బాపు కాగజ్‌నగర్ మిల్లు మూతబడ్డప్పుడు చంద్రాపూర్ పోయి గోదాములో మూటలు మోసిన సంగతి చెప్పాడు. హెడ్మాస్టరు కరుణాకర్ కూడా వెనక బెంచీలో కూర్చుని వినసాగాడు.

శుక్రవారం నాడు తిరుమల అనే పిల్ల తన తాతను చెయ్యి పట్టుకుని తెచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తున్న ముసలాయనను చూడగానే మమతారాణి గుర్తుపట్టింది. పర్శరాములు మామ! ఇరవై ఏడేళ్లయింది చూసి. నడుం వంగినా అదే నవ్వు. ఆమె గబుక్కున బోర్డువైపు తిరిగి, అవసరం లేకపోయినా తేదీ చెరిపి మళ్లీ రాసింది.

"బొంబయి కాడ భీమండిల ఇరవై రెండేండ్లు సాంచలు నడిపిన. కరెంటు మగ్గాలు. గా చప్పుడుకే నా చెవులు పోయినయ్. జర గట్టిగ మాట్లాడుత, ఏమనుకోకుండ్రి" అని మొదలుపెట్టాడు ఆయన. "పన్నెండు మందిమి ఒక్కటే అర్రల ఉంటుంటిమి. పగటి పాళీకి పోయేటోడు లేస్తే, రాత్రి పాళీ చేసొచ్చినోడు గదే సాపల ఒరుగుడు. సాప సల్లవడేదే లేదు."

పిల్లలు నవ్వారు. ఆయనకు హుషారొచ్చింది.

"మా పక్క అర్రల దశరథం అని ఉండె. ఆయన భార్య బాలలక్ష్మి మాకందరికి వండిపెట్టేది. వాళ్లకో చిన్న పిల్ల. మా అన్నం డబ్బాలు పట్టుకొని సాంచల నడుమనుంచి ఉరికొస్తుండె. ఆరేండ్లొచ్చినా దానికి బడి లేదు. దశరథానికి సాంచె ఇడిసి పోవుడు కుదరకపాయె. నేనే ఒకదినం పని బందువెట్టి, చెయ్యి పట్టుకపోయి తెలుగు బడిల ఏసిన. లోపలికి పోనంటే పోనంటది! దినమంత కిటికీ కాడ నిలబడ్డ."

మాట ఆగింది. ఆయన కళ్లు చికిలించి మమతారాణి మొహంలోకి చూశాడు.

"నువ్వు దశరథం బిడ్డవు గాదు? మమతవు గాదు? అచ్చం మీ అవ్వ మొకమే!"

పిల్లలందరూ ఆమెవైపు తిరిగారు. వెనక కరుణాకర్ ముందుకు వంగాడు. తమది బట్టల వ్యాపారం చేసిన కుటుంబమని ఆమె ఆయనకు ఎన్నోసార్లు చెప్పి ఉంది. భీమండి నుంచి తిరిగొచ్చిన కొత్తలో తోటిపిల్లలు తనను 'పన్నెండు మంది మొగోళ్లకు వండినామె బిడ్డ' అనడం, ఆ మాటకు పెద్దవాళ్లు కూడా ఒక తీరుగా నవ్వడం ఆమె మర్చిపోలేదు.

"కాదు తాతా" అంది. మామా అని పిలిచిన మనిషిని తాతా అంది. "మీరు ఎవరినో అనుకుంటున్నారు. మా నాన్నది బట్టల దుకాణం."

ఆయన అర్థంకానట్టు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

పర్శరాములు రెండు చేతులూ జోడించాడు. "తప్పైంది మేడం. ముసలి కండ్లు. పెద్దోళ్లను పట్టుకొని ఏమేమో అన్న."

ఎవరో కిసుక్కుమన్నారు. మిగతా కథ చెప్పకుండానే ఆయన లేచి వెళ్లిపోయాడు.

సాయంత్రం కరీంనగర్‌లో ఇంటికి చేరేసరికి, ఆమె అవ్వా అని పిలిచే తల్లి బాలలక్ష్మి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఇయ్యాల ఎవరొచ్చారని రోజూలాగే అడిగింది. మమత పర్శరాములు పేరు చెప్పింది.

"పర్శరాములన్ననా! బతికున్నడా! నిన్ను గుర్తువట్టిండా? చాయ్ తాపినవా?"

జవాబు ముక్కలు ముక్కలుగా వచ్చింది. వింటూ వింటూ అవ్వ చేతులు ఆగిపోయాయి.

"పన్నెండు మందికి వండిన. ఒక్కడు నన్ను తప్పుగ చూడలే. గా అన్న ఉండంగ ఎవనికీ ధైర్యం లేకుండె" అంది. "నా వంట నీకు సిగ్గైందా బిడ్డా?"

ఆ పూట అవ్వ అన్నం ముట్టలేదు. మమత తిన్నది, కానీ ఏం తిన్నదో తెలియదు.

రెండు రోజుల సెలవు తర్వాత సోమవారం తరగతిలో హాజరు పిలవకముందే చెప్పేసింది. "తిరుమల వాళ్ల తాత చెప్పింది నిజం. ఆ పిల్ల నేనే. నేను అబద్ధమాడిన."

తిరుమల లేచి నిలబడింది.

"మేడం, తాత ముందట కాదన్నరు. ఆయన లేనప్పుడు ఔనంటున్నరు." "మూడు దినాల సంది కండ్ల డాక్టరు కాడికి తోల్కపొమ్మంటుండు. మనుషులను గుర్తువట్టుడు పోయిందని పరేషాన్ అయితుండు."

మమతారాణి హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లి, ఆయనకూ ఉన్నది చెప్పి, అనుమతి అడిగింది. తరగతంతా కలిసి తిరుమల వాళ్లుండే పద్మశాలివాడకు నడిచారు.

పర్శరాములు గుమ్మం ముందు మంచంలో కూర్చున్నాడు. ఆమెను చూసి లేవబోయాడు. ఆమె దగ్గరికి పోయి మెల్లగా, "మామా, నేను మమతను" అంది.

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏంది మేడం? జర గట్టిగ."

మళ్లీ చెప్పింది. మళ్లీ వినబడలేదు. ఇక గొంతెత్తి అరిచింది. "దశరథం బిడ్డను మామా! నువ్వు బడిల ఏసిన మమతను! సిగ్గయి కాదన్న!"

ఎదురింట్లోంచి ఇద్దరాడవాళ్లు బయటికొచ్చారు. పక్కింట్లో సాంచె ఆగింది. ఇంతమందిలో తన మాటే తనకు పరాయిగా వినిపించింది మమతకు.

పర్శరాములు ఆమెను ఎగాదిగా చూశాడు. తర్వాత మనవరాలివైపు తిరిగి, "అయితే నా కండ్లు మంచిగనే ఉన్నయ్" అన్నాడు.

అంతలోనే అడిగాడు. "దశరథం ఎట్లున్నడు?"

"బాపు పోయి రెండేళ్లయింది."

"నాకెవ్వలు చెప్పకపాయిరి?"

అవ్వ చెప్దామంది. దినాలకు బడివాళ్లంతా వస్తారని, వాళ్ల ముందు తమ సంగతి బయటపడుతుందని, భీమండి వాళ్లెవరికీ కబురొద్దని అవ్వను ఆపింది తానే. ఆ మాట కూడా అరిచే చెప్పాల్సి వచ్చింది. చెప్పింది. చెప్తున్నంతసేపూ తల ఎత్తలేదు.

ఆయన ఎండలో నిలబడ్డ పిల్లలకు మంచినీళ్లు తెమ్మని తిరుమలను లోపలికి పంపాడు. మమతను కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

"ఐతారం మీ అవ్వను తోల్కరా" అన్నాడు చివరికి. "నీతోని తర్వాత మాట్లాడుత."