రింగు వెయ్యని ఏడాది

పాత చెట్ల రింగులు చూసి ఏ ఏడు ఎంత వాన పడిందో చెప్పే ఆఫీసులో ఒక వడ్రంగి పనిచేస్తున్నాడు. కొట్టేసిన చెట్ల మొదళ్ళని బిళ్ళలుగా కోసి, ఉప్పు కాగితంతో నున్నగా రుద్ది, రింగులు లెక్కపెట్టే మేడమ్ బల్ల మీద పెట్టడం అతని పని. వాన పడిన ఏడు రింగు లావు, కరువేడు సన్నం. అంతవరకు అతనికీ తెలుసు.

ఆ రోజు అతను రుద్దిన బిళ్ళ తను పుట్టిన వైపు, ఈ ఏడే కొట్టిన చెట్టుది. అతను పాలు తాగే పిల్లాడప్పుడు నాన్న కరువని పొలం వదిలేసి, పెళ్ళాం బిడ్డలతో ఇటు వచ్చేశాడు. అప్పటికి అక్కకి ఏడేళ్ళు. నాన్న పోయి ఇరవై ఏళ్ళయినా అక్క కోపం చల్లారలేదు. ఇంకొక్క ఏడాది ఓపిక పడితే వాన పడేదని, ఆయనకి ఒళ్ళు వంగకే వచ్చేశాడని, కనిపించిన ప్రతివాళ్ళ దగ్గరా దెప్పేది. నిజమేదో తమ్ముడికి తెలిసేది కాదు.

ఇప్పుడు తెలిసిపోతుందనుకుని, బెరడు దగ్గర మొదలెట్టి సూదిమొనతో లోపలికి లెక్కపెట్టాడు. వాళ్ళు వచ్చేసిన ఏడాది అరవై ఒకటో రింగు. ఆ రింగు బాగా బలిసి ఉంది.

అంటే ఆ ఏడు వాన బాగా పడిందని, అక్క అన్నదే నిజమని వడ్రంగి అనుకున్నాడు. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు. ఏమైందని మేడమ్ అడిగితే ఉన్నదంతా చెప్పేశాడు.

ఆవిడ నవ్వలేదు. అక్కడివే ఇంకో నాలుగు బిళ్ళలు తెచ్చి పోల్చి చూసింది. తర్వాత అతని బిళ్ళని అటు తిప్పింది.

"మరీ కరువైతే చెట్టు ఒక పక్కన రింగే వెయ్యదు బాబాయ్. మీరు లెక్కపెట్టిన వైపు రెండు లేవు. మీరు చూసింది మీరొచ్చెయ్యడానికి రెండేళ్ళ ముందుది."

భూతద్దంలో అటువైపు వెంట్రుకల్లా రెండు గీతలు. ఒకటి వాళ్ళు వచ్చేసిన ఏడాది. రెండోది అక్క ఓపిక పట్టాల్సిందన్న ఏడాది. ఆ తర్వాత మూడూ దారప్పోగులే. వడ్రంగి దణ్ణం పెట్టబోతే, మీరంత నున్నగా రుద్దబట్టే కనిపించాయని ఆవిడ అతని చేతులు పట్టుకుంది.

మర్నాడు అక్కని తీసుకొచ్చాడు. చెక్కముక్క కూడా నాకు చెప్పేదేనా అని సణుగుతూనే వచ్చింది. భూతద్దం మీదికి వంగి ఆ రెండు గీతలూ చూసింది. మళ్ళీ వాన ఎన్నాళ్ళకని అడిగింది. ఐదేళ్ళకన్నాడు తమ్ముడు.

"అప్పటికే అమ్మకి పాలెండిపోయాయిరా," అంది అక్క. "అక్కడే ఉంటే నువ్వు మిగిలేవాడివి కాదు."

అరవై దాటిన తమ్ముడి గడ్డం పట్టుకుని చూసింది.

"నాన్నని అన్ని మాటలన్నాను. ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. మనల్ని బతికించి ఊరుకున్నాడు మహానుభావుడు."