వాగు దాటని గుండు

అయినా గోలీలా నున్నగా ఉన్న ఈ సీసపు గుండు గాలికి అంత లోకువా, అనుకున్నాడు దూలయ్య, దాన్నీ సతీష్ ఇచ్చిన మొనదేలిన తూటానూ గుప్పిట్లో నలుపుకుంటూ తమ్ముడి మిరపచేను వైపు నడుస్తూ, పొద్దున పర్ణశాల రోడ్డు మీది హోటల్లో, మిలిటరీ చేసి వచ్చిన సతీష్ ఈ రెండూ బల్ల మీద పెట్టి, సూడు దూలన్నా, గాలిని కోసుకపోయే సత్తాకు ఒక లెక్కుంటది, బాలిస్టిక్ కోఎఫిషెంట్ అంటరు, అది ఎంత పెద్దగుంటే జోరు అంత నిలుస్తది, తూటాకు పాయింట్ నాలుగు, నీ గుండుకు పాయింట్ సున్నా ఏడు, అన్నాడు, మరి ఏడే పెద్దది గదరా అని తనంటే హోటలంతా నవ్వింది, నవ్వుండ్రి, పాయింట్ల పాఠం రాకముందే నాగలి పట్టినోణ్ని, అన్నాడు తను, ఏడుకు ముంగట సున్నా ఉంది గదనే, ఐదారు రెట్లు తక్కువ, బండముఖం ఏసుకొని గాలికి ఎదురు పోతది, జల్దీ అలిసిపోతది, అన్నాడు సతీష్, అలిసిపోతే మరి నిరుడు మొక్కజొన్న చేలో పందుల మీద తాను పేల్చిన గుండు వాగు దాటి, కిలోమీటరు అవతల తమ్ముడు బాలకృష్ణ కర్రెద్దును ఇటు నుంచి అటు ఎట్లా దూసుకుపోయింది, ఎవరి తూటానో, ఈ అడవిలో అడిగేదెవరు, దొరికింది మాత్రం దూలయ్య, ఎద్దును సంపినవ్, నా గడప తొక్కకు అన్నాడు తమ్ముడు, మరునాటి నుంచి మరదలు వనజ కూర పంపడం మానింది, ఉప్పు లేదని, కారం లేదని రోజూ తిట్టుకుంటూ తిన్న కూరే, భార్య పోయాక ఆ గిన్నె చప్పుడొక్కటే ఇంట్లో మనిషి అలికిడి, ఇవాళ చెప్తాడు, రెండూ వాడి అరచేతిలో పెట్టి, సూడరా, నా గుండు సగం దూరంలనే నేల కరుస్తది, నేను కాదురా, అంటాడు.

మిరప సాళ్ల మధ్య బాలకృష్ణ తలెత్తాడు, చూశాడు, మళ్లీ వంగాడు, ఆ వంగిన వీపును చూస్తుంటే సీసం కరిగించేటప్పటి వీపు గుర్తొచ్చింది, మూసలో పోసింది వాడే, మంచె మీద తన తుపాకి గొట్టాన్ని చేత్తో కిందికి నొక్కి, ఆగన్నా, దగ్గరికి రానియ్యి, మన గుండు వాగు కూడ దాటదు, అన్నది ఎవరు, వాడే కదా, చచ్చిన ఎద్దు పక్కలో ఆ సన్నటి బొక్కను వేలు పెట్టి చూసిందీ వాడే, దూలయ్య గట్టు మీదే ఆగిపోయాడు, చెప్పడానికేం లేదు, బాలకృష్ణకు తెలుసు, ఆ రోజే తెలుసు, తెలిసే, ఎద్దును వంక చేసుకుని, గడప తొక్కొద్దన్నాడు.