మడమ దగ్గర ముడి

కొడుకు కాళ్లు మంచం దాటి వేలాడుతున్నాయని రాహేలమ్మ కొత్త మంచం చేయించబోయింది. అంతా అక్కడే మొదలైంది.

గార్లలో ఆమె కొడుకు కృపాకర్‌ను ఎరగనివాళ్లు లేరు. షామియానాలు అద్దెకిచ్చే దుకాణంలో పని. పెళ్లి పందిళ్లకు నిచ్చెన లేకుండానే లైట్లు కడతాడు. "పైన వానొస్తుందార?" అని ఎవరైనా ఆటపట్టిస్తే, "మీదాంక వచ్చేసరికి నేను తడిసి ఆరిపోత" అంటాడు. ఇరవై మూడేళ్లు నిండినా ఇంకా పెరుగుతూనే ఉన్నాడు.

వడ్రంగి యోసేపు తలుపులూ మంచాలూ చేస్తాడు. చర్చి సంఘంలో ఎవరైనా పోతే శవపెట్టె కూడా ఆయనే చేయాలి. శవాన్ని నూలు తాడుతో తల నుంచి మడమ దాకా కొలిచి, మడమ దగ్గర ముడి వేస్తాడు. మూత పెట్టేముందు ఆ తాడు పెట్టెలోనే వేస్తారు. బతికున్నవాళ్లను మాత్రం నిలబెట్టి టేపుతోనే కొలుస్తాడు. రాహేలమ్మ పెనిమిటి తాడు కూడా ఆయన వెంటే మట్టిలోకి పోయింది.

దసరా ముందు తల్లీకొడుకులు మంచం కొలతకు వడ్రంగి కొట్టుకు పోతే, పొట్టివాడైన యోసేపుకు స్టూలెక్కినా కృపాకర్ తల అందలేదు.

"పడి నడుం ఇరగ్గొట్టుకుంటవ్ మామా! నేనే పండుకుంట, కొలువు" అంటూ కృపాకర్ నవ్వుతూ రంపపు పొట్టులో బారగా పడుకున్నాడు.

పడుకున్న మనిషిని చూడగానే యోసేపు చెయ్యి అలవాటుగా తాడు మీదికి పోయింది. ముడి బిగిశాక గానీ ఏం చేశాడో ఆయనకు తెలియలేదు. ఆరడుగుల పదకొండంగుళాలు. గడప దగ్గర నిలబడ్డ రాహేలమ్మ అంతా చూసింది. మాట్లాడకుండా ఆ తాడు తీసుకుని కొంగున కట్టుకుంది.

అప్పటినుంచీ ప్రతి ఆదివారం ఆరాధన అయ్యి, అన్నం తిని కొడుకు కునుకు తీస్తుంటే, ఆమె పక్కన కూర్చుని ఆ తాడు పరిచి చూసుకునేది. వాడు తాడుకంటే పెరిగిపోతే ఆ కొలత తప్పిపోతుందని ఆశ.

క్రిస్మస్ దాటాక హైదరాబాద్ దవాఖానలో కొలిచారు. ఏడడుగుల ఒక అంగుళం. తలలో చిన్న గడ్డ ఉందట, అందుకే ఈ పెరుగుదలట. ఆపరేషన్ చేయకపోతే గుండె తట్టుకోదట. మంగళవారం ఆ ఆపరేషన్ అన్నారు.

ఆ ఆదివారం ఆమె తాడు పరిచింది. రెండంగుళాలు తక్కువ పడాలి. ముడి సరిగ్గా వాడి మడమకు ఆనింది.

ఉన్నపళాన యోసేపు కొట్టుకు పోయింది.

"తాడు సాగింది కావచ్చక్కా" అన్నాడాయన.

"సాగితే సన్నబడదా? పట్టి చూడు తమ్మీ."

యోసేపు వేలు ఆనించి చప్పున వెనక్కి తీసుకున్నాడు. "గిది ఎవలో ఒకల ఎంట పోవాలెనే అక్కా. నేనే తప్పు జేసిన."

రాహేలమ్మ చెప్పులు విడిచి, కొడుకు పడుకున్నచోటే పడుకుంది. "అయితే నన్ను గొలువు."

"నీకేం పుట్టిందే? లే!"

"కొలువు తమ్మీ. ఎల్లుండి నా కొడుకును కత్తి కింద పెడుతుండ్రు."

ఆమె నాలుగడుగుల పది. రెండడుగులకు పైగా తాడు నేల మీద మిగిలిపోవాలి. యోసేపు తాడు పరిచి ఆమె పాదాల దగ్గర వంగాడు.

"ఏడిదాంక వచ్చింది?"

ఆయన తాడు ఎత్తి మళ్లీ పరిచి చూశాడు.

"నోరు పడిపోయిందా? చెప్పు!"

"మడమకే అక్కా."

తాడు తెగలేదు. ముడి విడలేదు.

ఆమె లేచి చీరకంటిన పొట్టు దులుపుకుంది. ఇంటికి వచ్చేసరికి కృపాకర్ ఇంకా నిద్రలోనే ఉన్నాడు. తాడు పరిచింది. ముడి వాడి మోకాలి దాకా కూడా రాలేదు. దసరా తర్వాత ఆ రోజే ఆమె కడుపునిండా అన్నం తింది.

సోమవారం పొద్దున స్టేషన్‌లో కృపాకర్ మెడ వంచి రైలెక్కాడు. తోడుగా అక్క సంగీత ఎక్కింది.

"నేనొచ్చేదాంక పందిళ్లకు లైట్లు నువ్వే కట్టాలె అవ్వా" అన్నాడు తల్లితో. "ఏడువకు మల్ల."

"నేనేం ఏడుస్తలేను. నువ్వు తిరిగొస్తవు బిడ్డా."

ఊరి పొలిమేర దాకా ఎవరిని సాగనంపినా ఏడ్చే మనిషి, ఆ రోజు పొడి కళ్లతో నిలబడింది. తలుపులోంచి బయటకు వంగిన వాడి తల, మిగతా తలలన్నిటికీ పైన, చాలా దూరం కనబడింది.

అక్కడినుంచి నేరుగా యోసేపు కొట్టుకు నడిచింది.

"మంచి చెక్క చూసిపెట్టు తమ్మీ" అంది. "నాకెక్కువ పట్టదులే."