కమలాపండు రంగు సొరబుర్ర

కొరియాలోని జేజు దీవి ఒడ్డున ఉన్న ఆ ఊరి బడిలో పిల్లలూ తక్కువే, పీరియడ్లూ తక్కువే. అందుకని హేరాన్ టీచరు వ్యాకరణాన్నీ చిత్రలేఖనాన్నీ కలిపి ఒకేసారి చెప్పేది. నామవాచకానికి బొమ్మ గియ్యాలి, విశేషణానికి రంగు వెయ్యాలి, రెండూ కలిపి పైకి చదవాలి. చదివాక, కాగితం మీద రంగు ఆరేలోపు ఊళ్లో ఉన్న అసలు వస్తువుకీ అదే రంగు వచ్చేది.

దీన్ని ఊళ్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఊరిపెద్ద కో గారి కుక్క కొన్నాళ్లు ఆకుపచ్చగా తిరిగింది. ఆయన బాధల్లా, అది క్యాబేజీ మడిలో పడుకుంటే కనిపించదనే. ఆయన భార్య జుట్టు నల్లబడినప్పుడు మాత్రం బడికి బుట్టెడు చిలగడదుంపలు వచ్చాయి. ఎవరు పంపారో తనకు తెలియదని ఆవిడే ఇంటింటికీ వెళ్లి చెప్పింది.

దన్‌బీ ఒక్కతే రంగు వేసేది కాదు. బొమ్మ చక్కగా గీసి, కుంచె పట్టుకుని ఆగిపోయేది.

"తప్పు రంగు వేస్తే పాపం వాటికి అదే అంటుకుంటుంది కదా టీచర్" అనేది. హేరాన్ ఏనాడూ బలవంతపెట్టలేదు.

దన్‌బీ నాయనమ్మ మాల్సున్ ఊపిరి బిగబట్టి సముద్రం అడుక్కి వెళ్లి నత్తలు ఏరుకొచ్చేది. తోటివాళ్లంతా రంగురంగుల ప్లాస్టిక్ బుర్రలు పట్టుకుని తేలుతుంటే, ఆమె మాత్రం నీళ్లలో ఆసరాకి అత్తగారిచ్చిన ఎండు సొరబుర్రను వదల్లేదు. అది పాలిపోయి అచ్చం పొగమంచులా ఉండేది.

"రంగుది కొనుక్కో వదినా" అని తనతో పాటే మునిగే ఆడపడుచు ఓక్‌రే అంటే, "నత్తలు నా బుర్ర చూసి వస్తాయా ఏమిటే?" అనేది.

ఒకనాడు పాఠం సగంలో ఉండగా సముద్రం మీద పొగమంచు దిగింది. అందరూ ఒడ్డెక్కారు, మాల్సున్ తప్ప. ఇంకొక్క నత్త కోసం మునిగి ఉంటుంది. ఆ ఊరి ఆడవాళ్లందరి జబ్బూ అదే. పైకి తేలినప్పుడల్లా బిగబట్టిన ఊపిరి వదులుతూ ఆమె వేసే ఈల వినిపిస్తోంది గానీ, ఎటువైపు నుంచో తెలియడం లేదు. కో గారు ఒడ్డున నిలబడి "అందరూ నోరు మూసుకోండి" అని అరుస్తుంటే ఆ ఈల కూడా వినపడకుండా పోయింది.

ఓక్‌రే తడి బట్టలతోనే బడికి పరుగెత్తుకొచ్చింది. "టీచరమ్మా, మా వదిన బుర్ర కనపడట్లేదు. ఏదో ఒక రంగు వేయించు తల్లీ!"

పిల్లలు గబగబా గీశారు. ఊళ్లోని పెరటి సొరకాయలన్నీ ఎర్రబడ్డాయి. మాల్సున్ బుర్ర ఎలా ఉంటుందో వాళ్లకేం తెలుసు? తెలిసింది దన్‌బీకే. పక్కనున్న పగులుతో సహా గీసి, కుంచె పట్టుకుని ఆగింది.

"ఎరుపు వెయ్యమ్మా" అంది హేరాన్.

"వలల గుర్తులన్నీ ఎరుపే టీచర్. వెతికే పడవ అటు పోతుంది."

"పోనీ, పసుపు?"

"పొగమంచులో పాలిపోదూ?"

ఆ కుంచె లాక్కుని తనే వేసేద్దామన్నంత ఆత్రం పుట్టింది హేరాన్‌కి. చేతులు వెనక్కి కట్టుకుంది.

"ఒకటే ఎందుకు? రెండూ కలిపి చూడు."

దన్‌బీ పసుపులో ఎరుపు చుక్క వేసింది. ఇంకో చుక్క వేసింది. కమలాపండు తొక్క రంగు తేలేదాకా కలిపి, బొమ్మంతా నింపింది.

"కమలాపండు రంగు... మా నాయనమ్మ సొరబుర్ర" అని గొంతెత్తి చదివింది.

రంగు ఆరకముందే ఒడ్డున కేక వినపడింది. "అదిగో, అటు! పడవ తిప్పండి!"

కాసేపటికి మాల్సున్ నీళ్లోడుతూ బడి గుమ్మంలో నిలబడింది.

"నన్నడక్కుండా నా బుర్రకి రంగేసిందెవరే?"

దన్‌బీ భయంగా చెయ్యెత్తింది. "తప్పు రంగా నాయనమ్మా?"

ముసలమ్మ ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టింది. "ఒడ్డు ఎటో తెలియలేదే. చేతులు పడిపోయాయి. ఇక చాల్లే, వదిలేద్దాం అనుకున్నా. చూస్తే చంకలో బుర్ర పండులా వెలుగుతోంది. ఎవరో ఇంటికి రమ్మన్నట్టనిపించింది. వదల్లేదు."

తర్వాత టీచరు వైపు తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని, నుదురు నేలకి ఆనేలా వంగింది.

హేరాన్ కంగారుపడింది. "అయ్యో, పెద్దవారు, మీరు నాకు..."

"మాట్లాడకుండా పుచ్చుకో టీచరమ్మా. నాకిది అలవాటు లేదు. నడుం పట్టేసింది, పైగా లేపాల్సింది కూడా నువ్వే."