కొత్త మూలుగ

ఏలూరులో అద్దెకు తీసుకున్న ఒంటిగది నేలను ఎలిజబెత్ మళ్లీ తుడుస్తుండగా వీధిలో ఆటో ఆగింది. కిటికీలోంచి చూసి చేతిలో గుడ్డ వదిలేసింది. అత్తగారు సత్యవతి, చర్చి సంఘపెద్ద ప్రభుదాసు, వెనక ముగ్గురు ఆడవాళ్లు. కైకలూరు దగ్గర చెరువుల మీద పొద్దున్నుంచి చేపలు పట్టి, పెట్టెల్లో ఐసు వేసి, అట్నుంచి అటే వచ్చారు. చీరల అంచులు ఇంకా తడిగానే ఉన్నాయి.

మంచం మీద ఫిన్నీ పడుకుని ఉన్నాడు. తొమ్మిదేళ్లవాడు. ఒంట్లో రక్తం తయారవడం ఆగిపోతే, బెజవాడ ఆసుపత్రిలో ఎముకల్లోని పాత మూలుగను మందులతో చంపి, అక్క మెర్సీ మూలుగలోంచి తీసిన మూలకణాలు ఎక్కించారు. అవి నాటుకున్నాయి. కానీ జబ్బుల్ని ఆపే శక్తి పురిటిబిడ్డకున్నంత కూడా లేదన్నాడు డాక్టరు. ఒకరి జలుబు చాలు, వీడి ప్రాణం మీదికి వస్తుందన్నాడు. జ్వరం తగిలితే ఆ క్షణానే ఆసుపత్రికి బయల్దేరమన్నాడు.

ఎలిజబెత్ మాస్కు సర్దుకుని తలుపు ఓరగా తీసింది.

"బిడ్డ మీద చేతులుంచి ప్రార్థన చేసిపోదామని వచ్చామమ్మా," అన్నాడు ప్రభుదాసు. వాళ్ల సంఘంలో రోగిని చూడబోతే ప్రతివాళ్లూ తల మీద చెయ్యి వేయాల్సిందే. వేయకపోతే మనసులో ఏదో పెట్టుకున్నట్టు.

"ఇక్కణ్ణుంచే చెయ్యండి బాబాయిగారూ. లోపలికి వద్దండి."

వెనకున్న ఆడవాళ్లలో ప్రసన్న నవ్వింది. "ఏం వదినా, ఏలూరొచ్చేసరికి మా దగ్గర నీచువాసనొస్తోందా?"

"నేనూ ఆ నీచులోనే బతికానుగా. చెరువు ఎండగట్టి, సున్నం జల్లి, కొత్తనీరు పెట్టి చేపపిల్లను వదిలాక, జబ్బు చెరువులో దించిన వల తెచ్చి అందులో దించనిస్తామా? నువ్వే చెప్పు."

ప్రసన్న తన కాళ్ల వంక చూసుకుని మెట్టు దిగింది. ప్రభుదాసు కదల్లేదు.

"దేవుడి పనికీ చెరువు పనికీ పోలికేంటమ్మా? ఊరంతా తిరిగి నీ బిడ్డ వైద్యానికి దోసిలి పట్టింది ఈ చేతులే గదా."

అది నిజమే. ఆ చేతులు లేకపోతే ఫిన్నీ ఈపాటికి మట్టిలో ఉండేవాడు.

సత్యవతి అందర్నీ దాటుకుని ముందుకొచ్చింది. "నాకూ అడ్డమేనా? వాడికి నీళ్లు పోసి పెంచిందాన్ని." అంటూనే పైటచెంగు నోటికి పెట్టుకుని దగ్గింది. చిన్న దగ్గే.

"ఎప్పట్నుంచి అత్తయ్యా ఆ దగ్గు?"

"ఐసు దగ్గర పనిచేసేదాన్ని, దగ్గకుండా ఎలా ఉంటానే?"

"నానమ్మా," అని లోపల్నుంచి ఫిన్నీ సన్నగా పిలిచాడు. సత్యవతి చెయ్యి తలుపు మీద పడింది.

ఎలిజబెత్ తలుపుకు భుజం ఆనించింది. "తప్పైతే నన్ను సంఘంలోంచి తీసేయండి. రానివ్వను," అంది. తలుపు మూసి గడియ పెట్టింది.

చేతులు సబ్బుతో రుద్ది కడుక్కుని పిల్లాడి నుదురు ముట్టుకుంది. వేడిగా తగిలింది. నానిన చేతికి ఏదైనా వేడిగానే తగులుతుంది అనుకుంది. థర్మామీటరు వాడి చంకలో పెట్టి, అది కూసేదాకా ఊపిరి బిగబట్టి నిలబడింది.

బయట సత్యవతి ఏడుస్తూనే ప్రార్థన మొదలుపెట్టింది. మధ్యలో దగ్గు ఆమెను ఆపుతోంది.