మునెప్ప బండ మీద పొగ

“పరిగెత్తొద్దు! యాడుండేవాళ్లు ఆడనే పండుకోండి! గుడ్డ కప్పుకోండి!”

చౌడప్ప కేక ఎవరూ వినలేదు. పైన మునెప్ప బండకు వేలాడుతున్న తేనెపెర లేచింది. నల్ల దుప్పటి దులిపినట్టు ఈగలు ఒక్కసారిగా విడివడి, గుహ ముందున్న జనం మీద పడ్డాయి. బౌద్ధుల కాలపు శిథిలాలు చూడాలని పొద్దున్నే అనంతపురం నుంచి వచ్చినవాళ్లు పాత ఇటుకల దిబ్బను తొక్కుకుంటూ, కంపచెట్లలో చీరలు చించుకుంటూ కిందికి పరుగెత్తారు.

చౌడప్ప ఇనుప గేటు బార్లా తెరిచాడు. దొరికినవాళ్లను దొరికినట్టు రెక్క పట్టుకుని బస్సులోకి తోశాడు. పొడుగాటి మనిషి. ఏళ్ల తరబడి గొర్రెపిల్లలను మోసి ఎడమ భుజం కిందికి వాలింది. ఖాకీ చొక్కా గుండీల్లో రెండు వేరే రంగువి. ఎండాకాలమైనా చలికాలమైనా భుజం మీద గొంగళి ఉండాల్సిందే.

చివరగా ఎక్కిన గైడు అభిలాష్ సీట్లన్నీ చూసుకుని తెల్లబోయాడు.

“ఇంద్రాణి మేడమ్ యాడ?”

అందరి కళ్లూ కొండ మీదికి పోయాయి. ఇంద్రాణి రిటైరైన టీచరు. మోకాళ్ల నొప్పి. అయినా గుహలోని బుద్ధుణ్ణి చూడందే పోనని పట్టుబట్టింది. చౌడప్పే చెయ్యి పట్టి పైకి ఎక్కించాడు. దాహమంటే నీళ్లు తెద్దామని దిగాడు. ఈలోగా ఇది.

“తలుపేసుకోండప్పా. నేను పోతాండా.”

“చస్తావు చౌడన్నా! ఫైరింజను రానీ.”

“రాయదుర్గం నుంచి అది వచ్చే లోపల ఆయమ్మ ఉండొద్దా? నా గేటు దాటి పైకి పోయిన మనిషి, నా గేటు దాటి ఇంటికి పోవల్ల.”

గొంగళి తల మీదుగా లాక్కుని మెట్లెక్కాడు. ఆ మెట్లు ఆయన కాళ్లకు కంఠతా వచ్చు. గొర్రెలు కాసిన కాలంలో ఈ కొండ మీదే తిరిగాడు. కరువులో గొర్రెలన్నీ సంతకు పోయాయి. అవి లారీ ఎక్కిన రోజే బీడీకట్ట బావిలో పారేశాడు. గొర్రెల వెనక నడవని మనిషికి బీడీ ఎందుకన్నాడు. తర్వాత తవ్వకాలవాళ్లు వచ్చి దిబ్బ తవ్వారు. ఊరంతా మునెప్ప అని మొక్కే రాయి బుద్ధుడని చెప్పి, చౌడప్పను కాపలా పెట్టారు. “ఏ పేరైతే ఏముంది సారూ, కూచున్నోడు లెయ్యలే గదా” అని నవ్వాడు చౌడప్ప. కానీ పోయిన నెల వచ్చిన పెద్దాఫీసరు నవ్వలేదు. రాతి మీద మరోసారి మసి కనిపిస్తే ఊరివాళ్లను గేటు లోపలికి అడుగు పెట్టనివ్వనన్నాడు.

అది తెలిసి కూడా ఈ తెల్లవారుజామున చౌడప్ప గేటు తీశాడు, పెళ్లాం బయమ్మ కోసం. వేరుశనగ ఊడలు దిగే వేళకు చేను నెర్రెలిచ్చింది. వాన కోసం బయమ్మ మునెప్పకు సాంబ్రాణి పొగ మొక్కుకుంది. ఆ పొగను చేత్తో ఆర్పకూడదు. దానంతటది చల్లారాలి. ఆర్పితే వాన కూడా ఆరిపోతుందని ఊరి నమ్మకం.

“బస్సొచ్చే లోపల చల్లారుతాదా?” అని అడిగాడు.

“చల్లారకుండా ఏమైతాది? నువ్వు గేటు చూసుకోపో, మునెప్పను నేను చూసుకుంటా” అంది బయమ్మ.

సగం మెట్ల దగ్గర ముక్కుకు వాసన తగిలింది. సాంబ్రాణి. దాంతోపాటు కాలుతున్న పచ్చి వేపాకు. చౌడప్ప కాళ్లు ఒక్క క్షణం ఆగాయి. ఆ క్షణంలోనే మెడ మీద నాలుగు ఈగలు కొండ్లు దించాయి.

గుహలో ఇంద్రాణి రాతి బుద్ధుడి మోకాలి పక్కన ముడుచుకుని, కొంగు తలకు చుట్టుకుని ఉంది. చౌడప్ప గొంగళి తీసి ఆమె మీద కప్పాడు.

“కదలొద్దమ్మా.”

“నీకో?”

“నాది గొర్లు కాసినోని తోలు. ఏం కాదు.”

బొమ్మ వెనక చీలికలో సాంబ్రాణి మూకుడు ఉంది. వచ్చేవాళ్లకు నిప్పు కనపడకూడదని బయమ్మ దాని మీద వేపాకు కప్పి లోపలికి తోసింది. నిప్పు ఆకును అందుకున్నాక చిక్కటి పొగ చీలిక గుండా నేరుగా తేనెపెరకు పోతోంది. అది ఆరితే తప్ప ఈగలు నెమ్మదించవు.

చౌడప్ప కాలే మూకుణ్ణి రెండు చేతులా ఎత్తాడు. బండ మీది దోన గుంటలో అడుగంటిన నీళ్లలో ముంచాడు. అది బుస్సుమంది.

“ఆర్పింది నేను, మునెప్పా. బయమ్మ కాదు. గుర్తు పెట్టుకో.”

మూకుణ్ణి తువ్వాలలో మూటగట్టి నడుముకు చుట్టుకున్నాడు. ఇంద్రాణిని గొంగళితో సహా పొదివి పట్టుకుని ఒక్కో మెట్టూ దింపాడు. బస్సు తలుపు తెరుచుకునేసరికి ఆయన కళ్లు పూర్తిగా మూసుకుపోయాయి.

రాయదుర్గం ఆసుపత్రి వరండాలో కట్లతో, వాచిన మొహాలతో జనం. తప్పెవరిదన్న వాదన మొదలైంది.

“నువ్వే!” ఇంద్రాణి అభిలాష్ మీద విరుచుకుపడింది. “గుహలో ప్రతిధ్వని వస్తుందని అందరిచేతా అరిపించింది నువ్వు కాదూ?”

“అరుపులకు ఈగలు లేస్తాయా మేడమ్? పొగ వచ్చింది. నేను చూసినా. కాపలా ఆయన బీడీ అయ్యుంటాది!”

హెడ్ కానిస్టేబుల్ చౌడప్ప మంచం మీదికి వంగాడు. “ఏమప్పా, నిజమేనా?”

చౌడప్ప పెదవులు వాచి పగిలాయి. నడుము దగ్గర మూటను చేత్తో తడుముకున్నాడు. నిజం చెబితే బయమ్మ మీద కేసు, ఊరికి గేటు మూత. చెప్పకపోతే ఈ కుర్రాడి బతుకు గంగలో.

“బీడీ నాదే సారూ. పిల్లోణ్ణి ఇడిసిపెట్టండి.”

కానిస్టేబుల్ రాసుకున్నాడు. అభిలాష్ తల దించుకున్నాడు. సాయంత్రం నర్సు వచ్చి చూసేసరికి సెలైన్ చుక్కలు పడుతూనే ఉన్నాయి. చౌడప్ప ఊపిరే ఆగిపోయింది.

బయమ్మ ఆటోలో వచ్చింది. ఏడవలేదు. వాచిన ఆ మొహంలో తన మనిషిని వెతుక్కుంటున్నట్టు చాలాసేపు చూసింది. నర్సు తువ్వాల మూట చేతికిస్తే వరండా బెంచీ మీద పెట్టి ముడి విప్పింది. మూకుడు. తడిసిన బొగ్గులు.

ఆమెకు అంతా తెలిసిపోయింది. ఇంకెవరూ చూడలేదు. ముడి తిరిగి వేస్తే చాలు.

“మీ ఆయన బీడీ ఎంతపని చేసిందో చూడమ్మా” అన్నాడు కానిస్టేబుల్, పెన్ను జేబులో పెట్టుకుంటూ.

“ఎవుని బీడీ?”

“ఆయనే ఒప్పుకున్నాడు.”

“ఆ రాసింది కొట్టెయ్ సారూ. గొర్లు పోయిన నాడే ఆయప్ప బీడీ ఇడిసినాడు.”

ఇంద్రాణి ఆమె భుజం పట్టుకుంది. “వద్దులే అమ్మా. పోయినాయన మాట అట్లనే ఉండనీ.”

“నిన్ను దింపుకొచ్చినోడమ్మా ఆయప్ప. దొంగ పేరుతో కాట్లో పెట్టమంటావా?” బయమ్మ కానిస్టేబుల్ వైపు తిరిగింది. “పెన్ను తియ్ సారూ. పొగ పెట్టింది బయమ్మ. చౌడప్ప పెండ్లాం బయమ్మ. నేనే.”

బెంచీ మీద మూకుడు అంచుకు అంటుకున్న ఒకే ఒక్క వేపాకు, కాలకుండా మిగిలినది, ఇంకా పచ్చగానే ఉంది.