అర్హత: పని రావాలి

పగిలిన గాజు గొట్టం ముక్కలు రెండింటినీ మంటలో తిప్పి, కొసలు మెత్తబడగానే ఒకదానికొకటి ఆనించి, ఆయన నెమ్మదిగా ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి. అతుకు మాయమైంది. ముప్ఫై నాలుగేళ్లుగా ఆ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం వాళ్లు పగలగొట్టడం, ఆయన అతకడం. ఎవరి పని వాళ్లు శ్రద్ధగానే చేసుకొచ్చారు. అందరికీ ఆయన ఊదుడు బాబాయే. ఈ నెలాఖరుకి పదవీ విరమణ.

పన్నెండింటికి ఆఫీసు గుమాస్తా ఫారం పట్టుకొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"బాబాయ్, మీ పోస్టుకి ప్రకటన వేస్తున్నాం. అర్హతలేంటో చెప్పండి. పోస్టు పుట్టినప్పట్నుంచీ మీరే ఉన్నారాయె, పాత కాగితం ఒక్కటీ లేదు."

"పని రావాలి."

"అది ఏ గడిలో రాయను? చదువు చెప్పండి. మీ అమ్మాయిది ఇంటరేగా?" గుమాస్తా గొంతు తగ్గించాడు. "ఇంటర్ అని రాసేస్తా. ప్రతి ప్రకటనా ఎవరో ఒకరి కొలతలకి కుట్టిన జాకెట్టే. మీరొక్కరే ఆది ఇవ్వనంటే ఎలా?"

కూతురు పన్నెండో ఏట నుంచీ సెలవులన్నీ ఈ బల్ల దగ్గరే గడిపి పని నేర్చుకుంది. అతుకులో తండ్రిని మించిపోయింది. ఇప్పుడు బట్టల దుకాణంలో, కొనకుండా వెళ్లినవాళ్లు విప్పించినవన్నీ మళ్లీ మడతపెడుతోంది. ఈ ఉద్యోగం కోసమే కళ్లు కాయలు కాచేలా చూస్తోంది.

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "కూతురి కోసం రాయించుకున్నాడంటారు. చదువు గడి వదిలెయ్. మంట ముందు కూర్చోబెట్టి చూడండి. పని వచ్చినవాళ్లకివ్వండి."

"ఖాళీగా వదిలితే పైవాళ్లు డిగ్రీ అని నింపేస్తారు బాబాయ్. ఖాళీ అంటే వాళ్లకి భయం."

"నింపుకోనీ."

గుమాస్తా వెళ్లిపోయాడు. మధ్యాహ్నమంతా ఆయన చేతిలో ఏ అతుకూ కుదరలేదు. ఎడమ భుజం లాగుతుంటే రుద్దుకుంటూ, కూతురి వేళ్ల గురించే ఆలోచించాడు. నిప్పు దగ్గర జంకని వేళ్లు. మూడున్నరకి లేచి, ఆఫీసుకి రెండంతస్తులూ ఆగి ఆగి ఎక్కాడు.

"ఫైలు పైకెళ్లిపోయింది," అన్నాడు గుమాస్తా. "సవరణ అని ఒక కాగితం రాసి పొద్దున్నే ఇవ్వండి, వెనక్కి తెప్పిస్తా. ఇందాకే ఊఁ అనుంటే ఈ మెట్లు తప్పేవిగా."

దిగొచ్చి, బల్ల మీద రెండు వాక్యాలు రాశాడు. సంతకం పెట్టాడు. ఫ్యాను గాలికి ఎగరకుండా పైన ఏదో పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాడు.

ఐదింటికి తాళం వేయడానికి ఆయమ్మ వచ్చింది. "బాబాయ్, బడి వదిలేశారు," అంది. దగ్గరికెళ్లి చూశాక రెండోసారి అనలేదు.

ఆయన పోయి వారం తిరక్కుండానే ప్రకటన వచ్చింది. కూతురు నోటీసు బోర్డు ముందు నిలబడి చదువుకుంది: గాజు పని, ఒక పోస్టు, ఏదైనా డిగ్రీ. మళ్లీ ఒకసారి చదివి, దుకాణానికి వేళవుతోందని కదిలింది.

కింద, తాళం వేసిన గదిలో, ఆయన కాగితం మీద బరువుగా పెట్టిన గాజు బిరడా అలాగే ఉంది. దాని అడుగున 'ఇంటర్' అన్న అక్షరాలు ఉన్నదానికంటే పెద్దవిగా కనిపిస్తున్నాయి.